కిడ్నీ మార్పిడి తర్వాత ఫాలో-అప్: డాక్టరుకి ఐదు స్టార్లు, ఫార్మసీకి ఒకటి

హైదరాబాద్‌లో మా ఆయనకి కిడ్నీ మార్పిడి చేసిన కార్పొరేట్ ఆసుపత్రి గురించి ఇది, పేరు రాయను. ఆపరేషన్ బాగా చేస్తారని అందరూ రాస్తారు, నిజమే, కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి వాళ్ల చుట్టూ తిరగాల్సింది మనమే కాబట్టి చూసుకోవాల్సింది ఫాలో-అప్ ఎలా ఉందన్నది.

డాక్టరుగారికి వంక పెట్టలేం. అత్తయ్య ఇచ్చిన కిడ్నీ బాగానే పనిచేస్తోంది, కానీ శరీరం దాన్ని పరాయిదని తోసెయ్యకుండా జీవితాంతం టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ వాడాలి కదా, వాటి పుణ్యమా అని అంతకుముందు లేని షుగర్ వచ్చింది, కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. డాక్టరుగారు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఒక్కటే చూసి పంపెయ్యరు. కొత్త కిడ్నీ పనిచేస్తుండగానే గుండెజబ్బుతో పోయేవాళ్లు తక్కువేం కాదని చెప్పి బీపీ, కొలెస్ట్రాల్ కూడా పట్టుబట్టి చూస్తారు. మొదట్లో, మార్చిన కిడ్నీని దెబ్బతీసే బీకే వైరస్ కోసం పరీక్షలూ తప్పకుండా రాశారు.

ల్యాబ్ దగ్గరే ఒళ్లు మండుతుంది. టాక్రో లెవెల్‌కి, అంటే రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే పరీక్షకి, రక్తం రాత్రి డోసు పడ్డ పన్నెండు గంటలకి, పొద్దుటి డోసు వేసుకోకముందే ఇవ్వాలి. ఎనిమిదికల్లా వెళ్లి కూర్చుంటే రక్తం తీసే అబ్బాయి తొమ్మిది దాటాక తీరిగ్గా వస్తాడు. అప్పటిదాకా మా ఆయన మాత్ర జేబులో, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఆ టోకెన్ మెషీన్ ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి.

ఫార్మసీ అయితే మరీ ఘోరం. స్టాక్ లేదని వేరే కంపెనీ టాక్రోలిమస్ చేతిలో పెట్టి "అదే మందు మేడమ్, కంపెనీయే వేరు" అన్నారు. ఇదేమన్నా పారాసెటమాలా? కంపెనీ మారితే లెవెల్ మారొచ్చు, మళ్లీ రక్తం చూసుకోవాలి, ఆ ముక్క కూడా చెప్పలేదు. డాక్టరుగారు స్ట్రిప్ చూసి వెంటనే టెస్ట్ రాస్తే లెవెల్ పడిపోయిందని తేలింది. ఇప్పుడు మందులు బయటే కొంటున్నాం, ఒకే కంపెనీవి.

ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ అమ్మాయి మాత్రం బంగారం. దగ్గుకి మా వీధి డాక్టరు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే చీటీ ఫొటో వాట్సాప్‌లో పెట్టాను, చూసిన వెంటనే ఫోన్ చేసి "వెయ్యకండక్కా, టాక్రో లెవెల్ అమాంతం పెరిగిపోతుంది" అని ఆపేసింది.

ఇంకో సంగతి, కిడ్నీ ఇచ్చినవాళ్లకీ ఏటా బీపీ, యూరిన్, క్రియాటినిన్ చూడాలని డిశ్చార్జ్ కాగితంలో వాళ్లే రాశారు, అత్తయ్యని ఒక్కసారైనా పిలిచిన పాపాన పోలేదు. మేమే తీసుకెళ్తే బీపీ ఎక్కువుందని తేలింది.