నలభై తొమ్మిదో వీధిలో రాక్సీ

2022 మే నెలలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, న్యూయార్క్‌లో ఒక రాత్రి ఉండి అక్కడి పేరున్న నాటకశాలల ప్రాంతం బ్రాడ్‌వేలో ‘షికాగో’ అనే సంగీత నాటకం చూసి తీరాలని పట్టుబట్టాను. పమేలా ఆండర్సన్ కోసం. ‘బేవాచ్’ ధారావాహికతో లోకమంతా తెలిసి, తర్వాత తెరపై దాదాపు కనుమరుగైన నటి, యాభై నాలుగేళ్ల వయసులో అందులోని కథానాయిక రాక్సీగా తొలిసారి బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కారు. అదీ ఎనిమిది వారాలే.

ముందు బస సంగతి. థియేటర్లకు దగ్గరని తీసుకున్న హోటల్లో, బుక్ చేసినప్పుడు చూపిన ధరకు కౌంటర్ దగ్గర సౌకర్యాల రుసుమంటూ మరికొంత కలిపారు. గదిలో పెట్టె తెరిచి పెట్టుకునే చోటు లేదు. ఎడిసన్‌కు రైలు అర్ధరాత్రి దాటాక కూడా ఉంటుంది, ప్రయాణం గంట. మళ్లీ వెళ్తే గది తీసుకోను. టికెట్టు మాత్రం థియేటర్ కిటికీ దగ్గరే కొన్నాం, ఆన్‌లైన్ రుసుము మిగిలింది.

నాటకం ఆడే అంబాసిడర్ థియేటర్ నలభై తొమ్మిదో వీధిలో ఉంది, 1921 నాటిది. ఇరుకు స్థలంలో ఎక్కువ సీట్లు పట్టాలని భవనం లోపల హాలును ఐమూలగా తిప్పి కట్టారు. మాస్కులు తప్పనిసరైన రోజులవి. హాలంతా సగం ముఖాలు, పూర్తి ముఖాలన్నీ వేదిక మీదే!

1996లో మళ్లీ మొదలైన ఈ ప్రదర్శన ఇన్నేళ్లు నడవడానికి ఒక కారణం వేదిక మీదే కనిపిస్తుంది. సెట్టింగులు లేవు. వాద్యబృందం వేదిక నడుమ మెట్ల వరుసల్లో కూర్చుంటుంది, అందరివీ నల్లని దుస్తులే. ఈ చట్రంలో కొత్త నటి ఇమడటం తేలిక. 2003లో మెలనీ గ్రిఫిత్, 2005లో బ్రూక్ షీల్డ్స్ ఇదే రాక్సీ పాత్ర వేశారు. మన కాంట్రాక్టు నాటకాలు గుర్తుకొచ్చాయి. ఒక ఊరి కృష్ణుడు, మరో ఊరి దుర్యోధనుడు నేరుగా రాత్రి వేదిక మీదే కలుసుకునేవారు. జనం పద్యం కోసం వెళ్లేవారు, ఆ నటుడి కోసమూ వెళ్లేవారు. అందులో తప్పేముంది?

పమేలా గొంతు పెద్దది కాదు. కానీ ఒక ఘట్టం చెప్పాలి. హత్య కేసులో ఇరుక్కున్న రాక్సీని ఆమె లాయరు ఒళ్లో కూర్చోబెట్టుకుని విలేకరుల ముందు కీలుబొమ్మలా ఆడిస్తాడు. మాటలన్నీ అతనివే, ఆమెది పెదవుల కదలిక మాత్రమే. ఆమె భుజాలు వేలాడిపోయాయి, కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. ఏళ్లపాటు పత్రికలు తమకు తోచిన కథలు రాసుకున్న మనిషి ఆ కుర్చీలో ఉంటే అది పాత్రగా మాత్రమే ఎలా చూస్తాం? నా పక్క సీటులో మా అమ్మాయి ఊపిరి బిగబట్టింది.

వెలిసిపోయిన తారలను టికెట్లు అమ్ముకోవడానికి తెస్తారని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. అమ్ముకోనివ్వండి. ఆ టికెట్ల వల్లే మిగతా నర్తకులకు ప్రతి వారం జీతం అందుతుంది. 2024లో ‘ది లాస్ట్ షోగర్ల్’ చిత్రానికి ఆమె పేరు గోల్డెన్ గ్లోబ్ సినిమా అవార్డుల పోటీలో కనిపించినప్పుడు, ఆ నాటకానికి మేము కూర్చున్న మేడ మీది వెనుక వరుసే నా కళ్ల ముందు మెదిలింది. చూడాలనుకునేవారికి ఆ సీట్లు చాలు. అక్కడినుంచి ఆ భుజాలు బాగానే కనిపించాయి.