కారు బాడీకి స్ప్రే డబ్బానా, ఎయిర్‌బ్రష్షా?

మోడల్ కార్లకి రంగు వేయడానికి పోయిన దసరాకి, గాలితో రంగుని సన్నటి తుంపరగా చల్లే పెన్నులాంటి ఒక ఎయిర్‌బ్రష్షూ, దానికి గాలి అందించే చిన్న కంప్రెసరూ కొన్నాను. అంతకుముందు మూడేళ్ళూ స్ప్రే డబ్బాలతోనే లాగించాను. కొన్న సంగతి తెలిసినప్పటినుంచీ 1:24 కిట్లు (అసలు కారులో ఇరవైనాలుగో వంతు ఉండే ప్లాస్టిక్ మోడళ్ళు) చేసే మిత్రులంతా అడిగేది ఒకటే: "మేమూ కొనాలా, డబ్బాలు చాలా?" ఒకాయనైతే, "ఇంక మీకు డబ్బాలతో పనేముంది సార్, మిగిలినవి నాకిచ్చేయండి" అన్నాడు. ఇవ్వలేదు. ఎయిర్‌బ్రష్ వచ్చాక నాలుగు కార్లు పూర్తిచేస్తే, అందులో మూడింటికి బాడీ రంగు డబ్బాతోనే కొట్టాను.

ఎయిర్‌బ్రష్ మీద మనకి దొరికే సలహాల్లో చాలావరకు విమానాలు, ట్యాంకులు, గన్‌ప్లా (ప్లాస్టిక్ రోబో బొమ్మలు) చేసేవాళ్ళవి. వాళ్ళకి కావలసింది మ్యాట్, అంటే మెరుపులేని రంగు. సన్నటి తుంపర పొడిపొడిగా పడినా వాళ్ళకి నష్టం లేదు. నీడలు, మసి, ఎండకి వెలిసిన రంగు, ఇవన్నీ అలాగే బాగా వస్తాయి. కారు సంగతి వేరు. షోరూంలోంచి అప్పుడే దిగినట్టు మెరవాలి. ఆ మెరుపు రావాలంటే రంగు తడిగా పడాలి, ఆరేలోగా తనంతట తాను సర్దుకుని నున్నగా పరుచుకోవాలి. అందుకే బాడీ విషయంలో నేను ముందు చూసేది, ఏది ఎక్కువ తడిగా వేస్తుందనే. ఖర్చు, సౌకర్యం, చప్పుడు, ఇవన్నీ దాని తర్వాతే.

ఈ లెక్కన డబ్బా ముందుంటుంది. జపాన్‌వాళ్ళ టామియా టీఎస్ రంగు డబ్బా నొక్కితే వెడల్పుగా, చిక్కగా వచ్చి పడుతుంది. మొదట ఒకటి రెండు పల్చటి పూతలు వేసి, పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి, చివరికి ఒక్క తడి పూత వేస్తే చాలు. ఆ చివరి పూత ఎప్పుడు ఆపాలో తెలియడమే ఇందులో ఉన్న విద్యంతా. నేను వాడే గుర్తు ట్యూబ్‌లైటు. బాడీని పట్టుకున్న చెయ్యి కొంచెం వంచి, కారు టాపు మీద ట్యూబ్‌లైటు నీడ చూస్తాను. పల్చటి పూతల దగ్గర అది నలిగిన దారంలా గరుగ్గా ఉంటుంది. తడి పూత పడుతుంటే దాని అంచులు మెల్లగా సర్దుకుంటాయి. గీత గీసినట్టు నిటారుగా కనబడిన క్షణంలో చెయ్యి తీసేయాలి. "ఇంకొక్కసారి" అనిపిస్తుంది. ఆ ఇంకొక్కసారికే డోరు కింద కన్నీటి చారలా రంగు కారుతుంది. కారితే ఆ వేడిలో వేలు పెట్టకండి. రెండు రోజులు ఆరనిచ్చి, నీళ్ళతో తడిపి రుద్దే వాటర్ పేపర్‌తో దించుకోవచ్చు.

ఇదే పనిని ఎయిర్‌బ్రష్‌తో మొదటిసారి మే నెలలో, మిట్టమధ్యాహ్నం చేశాను. 0.3 మిల్లీమీటర్ల నాజిల్ (రంగు బయటికొచ్చే మూతి), సీసా మీద రాసిన పాళ్ళలో థిన్నరు. రంగు నాజిల్ దాటి బాడీ చేరేలోపే సగం ఆరిపోయింది. పడింది నున్నగా కాదు, బత్తాయి తొక్కలా, కొన్నిచోట్ల అంతకన్నా అన్యాయంగా వాటర్ పేపర్‌లా. తప్పు పనిముట్టుది కాదు, నాది. మామూలు థిన్నర్ బదులు నిదానంగా ఆరే లెవెలింగ్ థిన్నర్ కలిపి, 0.5 నాజిల్ బిగించి, దగ్గర్నుంచి కాస్త నిదానంగా నడిపితే అదే బాడీ మీద డబ్బాకి దీటైన మెరుపు వచ్చింది. కానీ గమనించండి, ఇంత చేస్తే వచ్చింది డబ్బాకి దీటుగానే. పైగా గాలి ఒత్తిడి, పాళ్ళు, దూరం, చేతి వేగం, ఈ నాలుగూ నేనే చూసుకోవాలి. డబ్బాలో మొదటి రెండూ తయారీవాడే చూసి పంపించాడు.

మరి ఎయిర్‌బ్రష్ ఎక్కడ గెలుస్తుంది? మందం దగ్గర. చిన్న లెక్క చూడండి. ప్రైమరూ (రంగుకి ముందు వేసే పూత), రంగూ, క్లియరూ (పైన వేసే పారదర్శక పూత) కలిపి బాడీ మీద 0.1 మిల్లీమీటరు మందం పేరుకుందనుకుందాం. 1:24లో అది అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్ల రంగు వేసినట్టు. డోరు సందులు, బానెట్ గీతలు సగం పూడతాయి, బ్యాడ్జీలు ముద్దవుతాయి. అయినా దీనికి మందుంది. ప్రైమర్‌కి ముందే గీతలన్నిటినీ స్క్రైబర్‌తో (గీతలు చెక్కే సూదితో) ఒకటికి రెండుసార్లు లోతు చేసుకుంటే డబ్బా రంగు పడ్డాక కూడా అవి మిగులుతాయి. చివర్లో ఆ గీతల్లోకి పల్చటి ముదురు రంగు (ప్యానెల్ లైన్ రంగు) దింపితే ఇంకా తేటగా కనబడతాయి.

1:64కి వచ్చేసరికి ఈ మందు పనిచెయ్యదు. హాట్ వీల్స్ బొమ్మకార్లు విప్పి, రంగు వలిచి, మళ్ళీ వేసేవాళ్ళకి అదే 0.1 మిల్లీమీటరు 6.4 మిల్లీమీటర్లతో సమానం. లోహపు బాడీ మీద గీతలు లోతు చేయడం ప్లాస్టిక్ మీద చేసినంత తేలిక కూడా కాదు. మెటాలిక్ రంగుల్లో ఇంకో తంటా ఉంది. ఆ తళుకు రేకులు కారుతోపాటు చిన్నవి కావు కదా. అంత చిన్న బండి మీద డబ్బా మెటాలిక్ కొడితే పెళ్ళికూతురి చీర మీద చమ్కీలా ఉంటుంది. కాబట్టి మీరు చేసేది 1:64, 1:43 అయితే మిగతా వ్యాసం చదవక్కర్లేదు. ఎయిర్‌బ్రష్ కొనుక్కోండి.

ఇక తేమ. మాది విశాఖ. జులై నుంచి అక్టోబరు దాకా ఇక్కడి గాలిని పిండితే నీళ్ళు కారతాయి. థిన్నర్ ఆవిరవుతుంటే బాడీ ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ దానిమీద చేరి రంగు పాలిపోతుంది. తెల్ల కారైతే తెలియదు. నల్ల టీఎస్-14 వేసి పది నిమిషాల తర్వాత చూస్తే పలక మీద సుద్ద తుడిచినట్టుంది. ఈ బాధ రెండిటికీ ఉంది కానీ, తడి ఎక్కువ వేసే డబ్బాకి ఎక్కువ. బాల్కనీలో తేమ మీటరు పెట్టుకున్నాను. అది 70 శాతం దాటితే డబ్బా ముట్టుకోను. పాలిపోయిన బాడీని పారేయకండి. పొడిగా ఉన్న రోజు చూసి పైన క్లియర్ పల్చగా వేస్తే చాలాసార్లు తేరుకుంటుంది. ఎయిర్‌బ్రష్ వాళ్ళు లెవెలింగ్ థిన్నర్‌తో కొంత గట్టెక్కుతారు గానీ, వాళ్ళకి ఇంకో గండం: కంప్రెసర్ పీల్చిన తేమ గొట్టంలో నీళ్ళై, అరగంట తర్వాత ఒక చుక్కగా బానెట్ నడిమధ్యన ఊడిపడుతుంది. కోస్తాలో ఉండేవాళ్ళు వాటర్ ట్రాప్ (ఆ నీళ్ళని పట్టి ఆపే గిన్నె) లేని కంప్రెసర్ ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. హైదరాబాదు, అనంతపురం వాళ్ళకి ఈ టెన్షన్ మాకన్నా తక్కువ. మమ్మల్ని చూసి నవ్వుకోవచ్చు.

రంగుల ఎంపికలో మాత్రం ఎయిర్‌బ్రష్‌ని కొట్టేది లేదు. డబ్బాలో ఉన్న రంగే మన రంగు, ఒక చుక్క తెలుపు కలపాలన్నా కుదరదు. మా నాన్నగారి పాత కారు రంగు కావాలనుకున్నప్పుడు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. గాజువాక ఆటోనగర్‌లో రంగులు కలిపే షాపుకెళ్ళి కారు రంగు కోడ్ చెబితే, నేనడిగిన కొంచెమూ కలిపిచ్చారు. "సారూ, ఇంత కొంచెం ఏం చేసుకుంటారు, గీత పడిందా?" అని అడిగాడు కుర్రాడు. అరచేతిలో పట్టే కారుకని చెబితే నమ్మలేదు. విజయవాడ ఆటోనగర్ దగ్గరున్నవాళ్ళకైతే కొదవే లేదు. ఒక్క జాగ్రత్త: ఆ రంగులూ, వాటిలో కలిపే డ్యూకో థిన్నరూ చాలా ఘాటు. వట్టి ప్లాస్టిక్ మీద పడితే అది ఎండిన చెరువులా బీటలు తీస్తుంది. కింద ప్రైమర్ గట్టిగా ఉండాలి, మొదటి పూతలు దుమ్ములా పల్చగా పడాలి. ఆ పల్చటి పూతలకి ఎయిర్‌బ్రషే తగినది. హార్డెనర్ కలిపే రెండు డబ్బాల క్లియర్ కూడా అక్కడ ఇస్తారు, అద్దంలా వస్తుంది. కానీ అందులో ఊపిరితిత్తులకి చేటుచేసే ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. తగిన మాస్కూ, గాలి బయటికి పోయే ఏర్పాటూ లేకుండా ఇంట్లో దాని జోలికి వెళ్ళకండి. ఆ మాటకొస్తే టీఎస్ లాంటి మామూలు లాకర్ రంగుకి కూడా ఆర్గానిక్ వేపర్ కార్ట్రిజ్ (థిన్నర్ ఆవిరిని పట్టే డబ్బీ) ఉన్న మాస్కే వాడాలి. కరోనా నాటి ఎన్95 ఆవిరిని ఆపదు.

కడగడం గురించి ఎవరూ ముందు చెప్పరు. డబ్బా పనైపోతే తలకిందులు పట్టుకుని ఒక్కసారి నొక్కి, గాలి మాత్రమే వచ్చేదాకా చూసి, గుడ్డతో తుడిచి పక్కన పెట్టేయడమే. ఎయిర్‌బ్రష్ అలా కాదు. రంగు మార్చిన ప్రతిసారీ కప్పు కడగాలి, థిన్నర్ పోసి బుడగలు తెప్పించాలి, సూది లాగి తుడవాలి, రాత్రి పడుకునే ముందు నాజిల్ విప్పాలి. నాజిల్ బియ్యపు గింజంత ఉంటుంది. రెండో వారంలోనే, వాష్‌బేసిన్ దగ్గర నిలబడి, తెలివిగా కుళాయి కింద కడుగుతుంటే జారి జాలీలోంచి వెళ్ళిపోయింది. కింద గొట్టం విప్పి బకెట్లోకి వంచాను. ఎప్పుడో పోయిన మా అమ్మాయి చెవి రింగు దొరికింది గానీ నాజిల్ దొరకలేదు. కొత్తది వచ్చేదాకా పన్నెండు రోజులు కంప్రెసర్ మీద పేపర్లు పెట్టుకున్నాం. ఇప్పుడు స్టీలు పళ్ళెంలోనే విప్పుతున్నాను. రోజూ కూర్చునేవాళ్ళకి ఈ కడుగుడు అలవాటైపోతుంది. నెలకో ఆదివారం తీరిక దొరికేవాళ్ళకి, ఆ ఆదివారంలో గంట దీనికే పోతుంది.

డబ్బు విషయం క్లుప్తంగా. డబ్బా ఒకటి ఏడెనిమిది వందలదాకా పడుతోంది, రెండు మూడు బాడీలకి వస్తుంది. క్లియర్‌కి టీఎస్-13 ఇంకొకటి. ఎయిర్‌బ్రష్, ట్యాంకున్న కంప్రెసర్, మాస్కు, థిన్నర్లు కలిపితే ఆ డబ్బుతో పదిహేను డబ్బాలు తేలిగ్గా వస్తాయి. ఏడాదికి మూడు కార్లు చేసేవాడికి అది తిరిగొచ్చేసరికి చాలా ఏళ్ళు పడుతుంది. డబ్బాలు దొరకడం మాత్రం ఇబ్బందే. మండే సరుకు కాబట్టి విమానంలో రావు, లారీలోనే రావాలి, ఆలస్యమవుతుంది. అమెరికా నుంచి వచ్చే బావమరిదిని కిట్ తెమ్మనండి, డీకాల్స్ (బాడీ మీద అతికించే బొమ్మలు, అక్షరాలు) తెమ్మనండి, రంగు డబ్బా మాత్రం తెమ్మనకండి. సూట్‌కేసులో పెట్టినా చేతిలో పట్టుకున్నా దాన్ని రానివ్వరు.

ఇంకా అడిగేవి రెండు మూడున్నాయి. కుంచెతో బాడీ వేయొచ్చా? వేయొచ్చు, ఓపికుంటే. నేను వేయను. సీట్లకీ డ్యాష్‌బోర్డుకీ కుంచే హాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే చవక డబ్బాలు? ముందు స్ప్రూ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్క మీద కొట్టి ఒక రాత్రి ఉంచి చూడండి, కొన్ని ప్లాస్టిక్‌ని తినేస్తాయి. డబ్బాలోని రంగుని సీసాలోకి దించి ఎయిర్‌బ్రష్‌తో వేయడం? చక్కగా పనిచేస్తుంది. గ్యాసు పూర్తిగా పోయేదాకా మూత బిగించకండి, అంతే.

ఇంతకీ నా బల్ల మీద ఇప్పుడు రెండూ ఉన్నాయి. చక్రాలు, బ్రేకు కాలిపర్లు, సైలెన్సర్ మీద కాలిన నీలం రంగు, హెడ్‌లైటు గిన్నెల వెండి, 1:64 బండ్లన్నీ ఎయిర్‌బ్రష్‌తో. 1:24 బాడీ, దానిమీద క్లియర్ డబ్బాతో. డీకాల్స్ ఉన్న కారైతే మొదటి రెండు క్లియర్ పూతలు ఎయిర్‌బ్రష్‌తో పల్చగా వేసి, తర్వాతే డబ్బా అందుకుంటాను, ఎందుకంటే టీఎస్-13 ఒకేసారి తడిగా పడితే డీకాల్ ముడతలు పడుతుంది. ఒక్కటే కొనగలిగే స్థితిలో ఉండి, 1:24 కార్లే చేస్తుంటే, ముందు ఒక ఆరు కార్లు డబ్బాతో చేయండి. ఆ తర్వాత కూడా మీకు కావలసిన రంగు డబ్బాలో దొరకట్లేదనిపిస్తే అప్పుడు కొనండి.

ఒక నిస్సాన్ స్కైలైన్ బాడీ వారం రోజులుగా ప్రైమర్‌తో పెట్టెలో మూతపెట్టి ఉంది. తడి పూత వేయాలి. పొద్దున మీటరు 78 చూపించింది. పక్కింటావిడ దుప్పట్లు కూడా ఆరేసి ఉన్నాయి. కిందటిసారి వాటిమీద పడిన నీలం తుంపరకి ఇంకా మాట పడుతున్నాను కాబట్టి, ఈ రోజుకి చక్రాలే.