పీఎఫ్ కట్టని యాజమాన్యంపై ఫిర్యాదు: ఈపీఎఫ్‌వో పోర్టల్ ఎంతవరకు పనికొస్తుంది?

జీతం స్లిప్పులో పీఎఫ్ కోత ఉంటుంది, పాస్‌బుక్‌లో మాత్రం జమ కనబడదు. అలాంటప్పుడు ముందుగా వెళ్లాల్సింది పీఎఫ్ వ్యవహారాలు చూసే ఈపీఎఫ్‌వో సంస్థ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్ఐజీఎంఎస్‌కే. ఫిర్యాదు నమోదుకు బాగుంది, పైసా ఖర్చు లేదు. కానీ డబ్బు రాబట్టేది అది కాదు.

ముందు పాస్‌బుక్ నెలనెలా సరిచూడండి. బేసిక్, డీఏ కలిపి 15,000 ఉంటే మూడు అంకెలు కనబడాలి: మీ వాటా 1,800, యాజమాన్యం వాటా 550, పెన్షన్‌కు 1,250. ఇవి మరుసటి నెల 15లోపు కట్టాలి. ఈపీఎఫ్‌వో సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఒకటుంది, లాగిన్ అక్కర్లేదు. కంపెనీ పేరు కొడితే ఏ నెలకు, ఎంతమందికి, ఎంత కట్టారో వస్తుంది. అందరికీ ఎగ్గొట్టారా, మీ ఒక్కరినే వదిలేశారా అన్నది అక్కడే తేలిపోతుంది. ఇంత మంచి సదుపాయాన్ని వాడుకోకపోవడం అన్యాయం.

పోర్టల్‌లో యూఏఎన్ (మీ పీఎఫ్ సభ్యత్వ నంబరు), ఓటీపీ అయ్యాక అసలు పొరపాటు జరిగేది ఫిర్యాదు రాతలో. ‘నా పీఎఫ్ పడలేదు, చూడగలరు’ అంటే ‘యాజమాన్యాన్ని సంప్రదించండి’ అని మూసేయడం తేలిక. ‘2024 ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు నెలకు 1,800 కోశారు, జమ చేయలేదు, బకాయి తేల్చే విచారణ జరిపించండి’ అని రాసి, ఆ నెలల స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌గా జతచేయండి. బకాయి ఎంతో తేల్చేది ఆ విచారణే. దానిపై వడ్డీ, జరిమానా పడతాయి. అప్పటికీ కట్టకపోతే కంపెనీ బ్యాంకు ఖాతా నుంచే రాబట్టవచ్చు.

పోర్టల్ నిరాశపరిచేది ఇక్కడే. యాజమాన్యానికి నోటీసు పంపగానే ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వచ్చేయవచ్చు, పాస్‌బుక్ కదలదు. విచారణ వాయిదాలు నెలల తరబడి సాగుతాయి. ఉత్తర్వు వచ్చినా యాజమాన్యం ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అయితే తేల్చిన మొత్తంలో కొంత భాగం ముందు డిపాజిట్ చేయాలి.

ఫిర్యాదును అలా మూసేస్తే దాని రిజిస్ట్రేషన్ నంబరు, కాగితాలు పట్టుకుని ప్రతి నెలా 27న జిల్లాలో జరిగే ఈపీఎఫ్‌వో ముఖాముఖి శిబిరం ‘నిధి ఆప్‌కే నికట్’కు వెళ్లండి. అధికారి ఎదుటే ఉంటారు, విచారణ మొదలైందా లేదా అని సూటిగా అడగవచ్చు. జీతంలో కోసిన మీ వాటాను కట్టకపోవడం నమ్మకద్రోహ నేరం కూడా, దానిపై పోలీసులకు విడిగా ఫిర్యాదు చేయవచ్చు.