ఫ్రోజెన్ షోల్డర్‌కు ఆక్యుపంక్చర్ ప్యాకేజీ కొనబోయేవారికి: ముందుగా డబ్బు కట్టకండి, పేరు లేని పొడి మింగకండి

నాకు 52 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. మొన్నటి సంక్రాంతి నాటికి నా ఎడమ చెయ్యి వెనక్కి తిరగడం మానేసింది. జడ వేసుకోలేను, కొంగు వెనక నుంచి తెచ్చి భుజాన వేసుకోలేను, రాత్రిళ్లు ఆ పక్కకు ఒత్తిగిలితే ప్రాణం పోయినంత పని. ఎముకల డాక్టరు చూసి ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. కీలు చుట్టూ ఉండే సంచి లాంటి పొర వాచి, మందమై, బిగుసుకుపోతుందట. షుగరు, థైరాయిడ్ ఉన్నవారికి, 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుందట. తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చనీ, ఫిజియోథెరపీ చేయించుకోమనీ, నొప్పి మరీ ఎక్కువగా ఉంటే కీలులోకి ఇంజెక్షన్ ఇస్తాననీ చెప్పారు.

ఇంజెక్షన్ అనగానే భయపడ్డాను. మూడేళ్లు అనగానే నీరసం వచ్చింది. సరిగ్గా అప్పుడే తెలిసినవారు హైదరాబాదులో ఒక ఆక్యుపంక్చర్ కేంద్రం గురించి చెప్పారు.

అక్కడి చికిత్సకుడు మర్యాదస్తుడిలాగే మాట్లాడాడు. ‘చైనాలో దీన్ని యాభై ఏళ్ల భుజం అంటారమ్మా, వాళ్లకు ఇది కొత్త కాదు’ అన్నాడు. ఆ మాట నిజమే. ఆక్యుపంక్చర్‌ను కేంద్ర ప్రభుత్వం 2019లో గుర్తించిందంటూ గోడ మీది ఫ్రేము చూపించాడు. అదీ నిజమే. కానీ ప్రభుత్వం ఒక పద్ధతిని గుర్తించినంత మాత్రాన, ఫ్రేము కట్టుకున్న మనిషి చదువుకూ నైపుణ్యానికీ హామీ ఇచ్చినట్టు కాదు. ఈ తేడా నాకు ఆరోజు తట్టలేదు. 24 సిటింగులకు 36,000 రూపాయలు, చైనా మూలికల పొడికి నెలకు 4,500. మొత్తం ముందే కడితే పది శాతం తగ్గిస్తామన్నారు. కట్టేశాను. డబ్బు తిరిగి ఇవ్వబడదన్న వాక్యం రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉందని తర్వాత చూశాను.

మోకాలి కింద, కాలి ముందు భాగంలో ఒక సూది గుచ్చి, దాన్ని తిప్పుతూ నన్ను చెయ్యి ఎత్తమనేవాడు. ఈ పద్ధతి చైనా వైద్యంలో ఉన్నదే. నాకూ ఆ కాసేపు చెయ్యి కొంచెం తేలికగా లేచేది. సూదుల వల్ల కొందరికి కొన్నాళ్లు ఉపశమనం కలగవచ్చు, అది నేను కాదనను. అయితే భుజం నొప్పికి ఆక్యుపంక్చర్ మీద జరిగిన 9 అధ్యయనాలను 2005లో కాక్రేన్ అనే, వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ సమీక్షించి, పనిచేస్తుందనడానికీ చేయదనడానికీ తగినంత ఆధారం లేదని తేల్చింది. ‘24 సిటింగుల్లో పూర్తిగా తగ్గించేస్తాం’ అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి.

మూడోసారి వెళ్లినప్పుడు ఒక సంగతి గమనించాను. నాకు గుచ్చే సూదులు కొత్త ప్యాకెట్టులోంచి రావడం లేదు. నా పేరు రాసిన చిన్న ప్లాస్టిక్ గొట్టంలో, స్పిరిట్‌లో తడిపిన దూది మీద ఉన్నాయి. ‘మీ సూదులు మీకేనమ్మా, ఇంకొకరికి వాడం’ అన్నారు. ఆ అరలో అలాంటి గొట్టాలు నలభై దాకా ఉన్నాయి. ఒకరి గొట్టం ఇంకొకరికి మారితే హెపటైటిస్ బి, సి లాంటివి అంటుకోవచ్చు. స్పిరిట్ దూది సూదిని పూర్తిగా శుద్ధి చేయదు. సూది ఒకసారి వాడి పారేసేదై ఉండాలి, సీలు మీ కళ్ల ముందే విప్పాలి. మెడకూ భుజానికీ మధ్య కండలో గుచ్చేటప్పుడైతే ఇంకా జాగ్రత్త, ఊపిరితిత్తి పైకొస దాని కిందే ఉంటుంది. సూది లోతుగా దిగితే చిల్లు పడుతుంది. గుచ్చిన తర్వాత ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నిటికన్నా నన్ను దెబ్బతీసింది ఆ పొడి. తెల్లటి డబ్బా, మూత మీద స్కెచ్ పెన్నుతో ‘7’ అన్న అంకె. అంతే. తయారుచేసింది ఎవరో, లోపల ఏముందో, లైసెన్సు నంబరు, గడువు తేదీ ఏవీ లేవు. అడిగితే గురువుగారి రహస్య మిశ్రమం అన్నారు. మూడో రోజుకే నొప్పి సగం తగ్గింది! ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఇద్దరు స్నేహితురాళ్లకు కూడా చెప్పాను, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఏడో వారంలో మా అమ్మాయి వచ్చి, ‘అమ్మా, ముఖం ఎందుకిలా ఉబ్బింది?’ అని అడిగింది. ఆకలి పెరిగింది, దాహం పెరిగింది. పరగడుపున 120 దగ్గర ఉండే షుగరు 248 చూపించింది. మా డాక్టరు మొదటి ప్రశ్నే ‘కొత్తగా ఏం వాడుతున్నారు?’ అని. ఉదయం 8 గంటలకు రక్తంలో కార్టిసాల్ (శరీరం తానే తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్) పరీక్ష చేయించారు. బాగా తక్కువగా వచ్చింది. బయటి నుంచి స్టెరాయిడ్, అంటే వాపునూ నొప్పినీ వేగంగా తగ్గించే మందు, అందుతుంటే శరీరం తన వంతు తయారీని తగ్గించేస్తుందట, పొడిలో అదే ఉండవచ్చని ఆయన అనుమానం. ల్యాబులో తేలేదాకా అది అనుమానమే, అంతకు మించి నేను అనను. కానీ పొడి ఆపి, ఆయన పర్యవేక్షణలో ఉన్న నెలన్నరకు షుగరు మళ్లీ దారికి వచ్చింది, ముఖం తగ్గింది, భుజం నొప్పి తిరిగొచ్చింది.

మీరు ఇలాంటి పొడి వారాల తరబడి వాడుతూ ఉంటే ఈ పోస్టు చదివి ఉన్నపళంగా ఆపేయకండి. స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూలికలే కదా అనీ అనుకోకండి. 1990ల తొలినాళ్లలో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలు వాడిన ఎందరో మహిళల కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలిక స్థానంలో దాన్ని పోలిన పేరున్న విష మూలిక చేరింది.

మిగిలిన 13 సిటింగుల డబ్బు అడిగితే రసీదు వెనక వైపు చూపించారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కేసుకు ఫీజు ఉండదు, కేసు ఆన్‌లైన్‌లోనే వేశాను.

ఇప్పుడు వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి వెళ్తున్నాను. ముందుకు వంగి చెయ్యి లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్లతో పైకి పాకించడం. నేను భయపడిన ఇంజెక్షన్ కూడా చివరకు వేయించుకున్నాను. అదీ స్టెరాయిడే, కానీ అందులో ఏముందో, ఎంత ఉందో డాక్టరు ముందే చెప్పారు, నాలుగు రోజులు షుగరు పెరుగుతుందని చెప్పి రోజూ చూసుకోమన్నారు. నొప్పి మొదలైన కొత్తలోనే అది బాగా పనిచేస్తుందట. ఆ కాలమంతా నేను ఆ కేంద్రంలో పోగొట్టుకున్నాను.

మిగిలిన పొడిని పారేయలేదు. మూతకు టేపు చుట్టి, రసీదు నకలుతో సహా రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖలో ఇచ్చి వచ్చాను. ఫలితం రాగానే ఇక్కడే రాస్తాను. అంకె రాసిన తెల్ల డబ్బా మీ ఇంట్లోనూ ఉంటే దయచేసి పారేయకండి.