పాత హోండా జాజ్ సీవీటీ: బెంగళూరు ట్రాఫిక్‌లో ఆరేళ్లు నడిపాక

పాత జాజ్ సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) కొనాలనుకునేవాళ్ల కోసం ఇది. ఇంజన్ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. 1199 సీసీ, నాలుగు సిలిండర్లు, 90 పీఎస్, 110 ఎన్ఎం. టర్బో లేదు. టైమింగ్ బెల్టు కాదు, చైన్. ఆయిల్ వేళకి మారిస్తే (0డబ్ల్యూ-20, ఫిల్టర్‌తో కలిపి మూడున్నర లీటర్ల చుట్టూ పడుతుంది) దానంతట అది మొరాయించే రకం కాదు. ఒక్క టాపెట్ క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సన్నని ఖాళీ) మాత్రం చేత్తో సరిచేయాల్సిందే, దాన్ని తనంతట తానే సర్దే హైడ్రాలిక్ లిఫ్టర్లు ఇందులో లేవు. టిక్ టిక్ శబ్దం వస్తే టాపెట్లు వదులైనట్టు, అది అందరికీ వినబడుతుంది. బిగుసుకుంటేనే చిక్కు: శబ్దం ఏమీ రాదు, ఐడిల్‌లో (బండి ఆగి ఉండి ఇంజన్ తిరుగుతున్నప్పుడు) మాత్రం కొద్దిగా అదురుతుంది, వాల్వ్ సరిగా మూసుకోక కంప్రెషన్ పడిపోతుంది. బయట గ్యాస్ కిట్ పెట్టించి తీసేసిన కార్లలో ఇది ఎక్కువ. ఇంజన్ బేలో అవసరం లేని బ్రాకెట్ రంధ్రాలు, కోసి టేపు చుట్టిన వైర్లు కనిపిస్తే ఆ కారు వదిలేయండి.

ఇక గేర్‌బాక్స్. పాత జాజ్‌లో డబ్బు నిలిచేదీ పోయేదీ ఇక్కడే. రెండు పుల్లీల మధ్య ఒక స్టీలు బెల్టు, దాన్ని జారకుండా పట్టి ఉంచేది ఫ్లూయిడ్ పీడనం. ఫ్లూయిడ్ వేడికి పాడైతే బెల్టు సన్నగా జారుతుంది, జారితే లోహం అరుగుతుంది, ఆ పొడి ఫ్లూయిడ్ పీడనాన్ని నియంత్రించే వాల్వ్ బాడీలోకి చేరుతుంది. మామూలు ఏటీఎఫ్ (ఇతర ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల ఫ్లూయిడ్) పోస్తే కథ ముగిసినట్టే. హోండా సొంత సీవీటీ ఫ్లూయిడ్ హెచ్‌సీఎఫ్-2 తప్ప ఇంకేదీ వద్దు, "అన్నిటికీ సరిపోతుంది" అని మెకానిక్ ఎంత నచ్చజెప్పినా సరే.

మన ఊళ్లో ఓడోమీటర్ చూసి మురిసిపోకూడదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద సగటు గంటకు 15 కిలోమీటర్లనుకుంటే, 40,000 కిలోమీటర్ల కారు ఇంజన్ దాదాపు 2,670 గంటలు తిరిగినట్టు. అదే దూరం హైవే మీద 60 సగటున వెళ్లుంటే 670 గంటలే. గేర్‌బాక్స్ వేడెక్కి ఉన్న గంటలూ ఆ లెక్కనే పెరుగుతాయి. అందుకే 30,000 కిలోమీటర్లకో మూడేళ్లకో, ఏది ముందొస్తే దానికి, ఫ్లూయిడ్ మార్చడమే నా పద్ధతి. యంత్రం పెట్టి ఫ్లష్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. కింద బోల్టు విప్పి దింపి, దిగినంతా కొలజాడీలో కొలిచి, అంతే కొత్తది పోయించండి. బోల్టు వాషర్ కొత్తది వేయాలి. బోల్టుకి ఉన్న అయస్కాంతం మీద బూడిదరంగు గుజ్జు ఉంటే మామూలే. గోటికి తగిలే ముక్కలుంటే ఆ కారు కొనకండి. కొనేముందు అమ్మేవారిని అడగాల్సిన మొదటి కాగితం సీవీటీ ఫ్లూయిడ్ మార్చిన బిల్లు. అది లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకుని, కొన్న వారంలోనే మార్పించండి.

టెస్ట్ డ్రైవ్ పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడే అడగండి. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి. ఆర్ నుంచి డి కి మార్చినప్పుడు క్షణంలో పట్టుకోవాలి, ధన్‌మని తన్నకూడదు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్ మధ్యలో ఆపి, మళ్లీ నెమ్మదిగా ఎక్కించండి. వణుకు వచ్చిందా, ఫ్లూయిడ్ పాతదైనా అయి ఉండాలి, బెల్టు జారుతూనైనా ఉండాలి. గంటకు 40–60 కిలోమీటర్ల వేగం మధ్య యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కి పట్టి చూడండి, అక్కడా అదే పరీక్ష. హమ్ శబ్దం వస్తే స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ తిప్పండి. మారితే వీల్ బేరింగ్, అది చిన్న ఖర్చు. గట్టిగా తొక్కితే ఇంజన్ ముందు అరిచి, కారు తర్వాత కదలడం సీవీటీ స్వభావం, లోపం కాదు. నంది కొండ ఎక్కేటప్పుడు ఎస్ (స్పోర్ట్) మోడ్‌లో వేస్తే ఆ విసుగు సగం తగ్గుతుంది.

2022 సెప్టెంబరు వరదలు గుర్తున్నాయి కదా, బెల్లందూరు, యమలూరు వైపు బేస్‌మెంట్లలో ఎన్ని కార్లు మునిగాయో. వాటిలో కొన్ని శుభ్రంగా పాలిష్ చేసుకుని ఇప్పటికీ మార్కెట్లో తిరుగుతున్నాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, మట్టి గీత అక్కడ దాగి ఉంటుంది. సీటు పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంత, కార్పెట్ కింద ఫోమ్, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజ్ బాక్స్: ఈ నాలుగింటినీ కడిగి ఆరబెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

ఫ్యూయల్ పంప్ రీకాల్ ఒకటుంది. ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) లోపం వల్ల ఇంజన్ ఆగిపోవచ్చని కంపెనీయే 2024 అక్టోబరులో 90,468 కార్లకు ప్రకటించింది, జాజ్ కూడా అందులో ఉంది. 2020, 2021లోనూ ఇదే భాగానికి వేరే తయారీ తేదీల కార్లను పిలిచారు. ఛాసిస్ నంబరు కొడితే కంపెనీ సైట్లోనే తెలుస్తుంది, మార్పు ఉచితం.

సస్పెన్షన్‌లో స్టెబిలైజర్ లింకులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు మన గుంతలకి అరుగుతూనే ఉంటాయి. హంపుల మీద లొడలొడ వినబడితే ముందు లింకులు చూడమనండి, నేరుగా షాక్ అబ్జార్బర్లకి పోనివ్వకండి. గ్రౌండ్ క్లియరెన్స్ 165 మి.మీ., అయిదుగురు కూర్చుంటే కొన్ని హంపులు కింద రాసుకుంటాయి. లీటరు పెట్రోలుకి నగరంలో 10–12 కిలోమీటర్లు, హైవే మీద 16–18. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో ఇది ఇంకాస్త తగ్గుతుంది, ఇథనాల్‌లో లీటరుకి శక్తి తక్కువ కనుక.

354 లీటర్ల డిక్కీ, వెనక సీట్ల చోటు మాత్రం ఈ తరగతిలో మళ్లీ దొరకవు. కూర్చునే భాగాన్ని నిలువుగా ఎత్తే మ్యాజిక్ సీట్లను 2018 ఫేస్‌లిఫ్ట్‌లో (రూపు మార్చిన మోడల్‌లో) తీసేశారు. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో 2022లో పెద్దల భద్రతకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. పై వేరియంట్ల ఏసీ టచ్ ప్యానెల్ నాకు ఎప్పుడూ నచ్చలేదు, రోడ్డు మీది నుంచి చూపు తిప్పక తప్పదు. జాజ్ తయారీ ఆగిపోయినా ఇంజన్ సామాన్లకి బెంగ లేదు, ఇదే 1.2 అమేజ్‌లోనూ ఉంది. బాడీ ప్యానెళ్లు, లైట్లకే కొంత వేచి చూడాలి.

ఏపీ, తెలంగాణ నంబర్లున్న కారు సొంతూళ్లో చవగ్గా దొరికిందని తెచ్చుకునేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. బెంగళూరులో 12 నెలలు మించి ఉంచితే కర్ణాటక రిజిస్ట్రేషన్ చేయించాలి, కారు వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. పాత ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), పేరు బదిలీకి ఫారం 29, 30. లోన్ ఉండి తీరితే ఫారం 35తో పాటు బ్యాంకు లేఖ. ఆర్సీలో హైపోథికేషన్ (లోనిచ్చిన బ్యాంకు తాకట్టు) పేరు పోయేదాకా చివరి విడత డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.