‘దౌ’ వ్యాసానికి ఆ గుర్తింపు తగునా?

ఇంగ్లీషులో వాడుక తప్పిన మధ్యమ పురుష ఏకవచన సర్వనామం ‘దౌ’ (thou, ‘నువ్వు’) మీద ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఉన్న వ్యాసానికి నాణ్యమైన వ్యాసమన్న గుర్తింపు ఉంది. దానిని ప్రస్తుతానికి ఉపసంహరించడమే సబబని నా అభిప్రాయం.

రూపాల వరకు వ్యాసం గట్టిది. కర్తగా ‘దౌ’, కర్మగా ‘దీ’ (thee), షష్ఠీ విభక్తిలో ‘దై’ (thy), ‘దైన్’ (thine) వస్తాయనీ, బహువచనంలో ‘యీ’ (ye), ‘యూ’ (you)ల మధ్య కూడా తొలుత కర్తృకర్మ భేదమే ఉండేదనీ పట్టికలో తేటగా చూపారు. ప్రాచీన ఆంగ్లంలో ఇద్దరిని సూచించే ద్వివచనం కూడా ఉండేదన్న ఆసక్తికరమైన సంగతిని మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

చిక్కంతా వాడుక చరిత్ర దగ్గరే. 1611 నాటి ఆంగ్లానువాదమైన కింగ్ జేమ్స్ బైబిల్లో ‘దౌ’ విరివిగా కనిపించడానికి దైవభక్తి కారణమని వ్యాసం చెబుతుంది, ఇది పొరపాటు. హీబ్రూ, గ్రీకు మూలాల్లో ఏకవచనం ఉన్నచోట ‘దౌ’, బహువచనం ఉన్నచోట ‘యీ’ వాడే పద్ధతి అంతకు ముందరి శతాబ్దపు విలియం టిండేల్ బైబిల్ అనువాదం నుంచి వచ్చింది కనుకనే, ఆ గ్రంథంలో దేవునికీ, సాతానుకూ కూడా అదే సర్వనామం దక్కింది. లూకా సువార్త 22వ అధ్యాయంలో యేసు తన శిష్యుడు సీమోనుతో మాట్లాడుతూ, సాతాను కోరుకున్నది ‘యూ’ అని, తాను ప్రార్థించింది ‘దీ’ కోసమని అంటాడు. మొదటిది శిష్యులందరికీ, రెండవది సీమోను ఒక్కడికీ వర్తిస్తుంది. ఇంత చక్కని ఉదాహరణ ఉండగా వ్యాసకర్తలు భక్తిభావం వైపు ఎందుకు మళ్లారో బోధపడదు.

‘దౌ’ కనుమరుగు కావడానికి క్వేకర్లనే క్రైస్తవ శాఖవారే కారణమన్న వాక్యానికి మూలమే ఇవ్వలేదు. పై హోదాలో ఉన్న ఒక్కరిని కూడా గౌరవంగా ‘యూ’ అనే ఆ రోజుల్లో, క్వేకర్ల నాయకుడు జార్జ్ ఫాక్స్ అనుచరులు హోదాతో నిమిత్తం లేకుండా అందరినీ ఏకవచనంలో సంబోధించి ఆగ్రహానికి గురైన మాట నిజమే గాని, 17వ శతాబ్దం నడిమికి వారి ఉద్యమం పుంజుకునేసరికే ప్రామాణిక భాషలో ఆ పదం వెనుకబడుతోంది. 1603లో రాజద్రోహ నేరంపై వాల్టర్ రాలీ విచారణలో ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ అదే పదాన్ని తిట్టుగా ప్రయోగించిన ఉదంతానికి సైతం ఆధారం చూపలేదు.

మాట్లాడేవారి మధ్య ఉన్న అధికారం, సాన్నిహిత్యాలను బట్టే సర్వనామం ఎంపిక ఉంటుందని చెప్పే బ్రౌన్, గిల్మన్‌ల 1960 నాటి సిద్ధాంతం ఒక్కదాని మీదే ఆధారపడటం మరో లోపం. షేక్‌స్పియర్ పాత్రలు ఒకే సంభాషణలో ‘దౌ’ నుంచి ‘యూ’కు మారి, మళ్లీ వెనక్కి వస్తుంటాయి, క్షణక్షణం మారే ఆ ఉద్వేగాన్ని స్థిరమైన హోదాలతో వివరించడం కష్టం.

ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ మాండలికాల్లో ఈ సర్వనామం 20వ శతాబ్దంలోనూ బతికే ఉంది, వ్యాసం మాత్రం అంతకు చాలా ముందే ముగుస్తుంది. ఆ భాగం చేర్చి, క్వేకర్ల వాక్యానికి మూలం చూపడమో తొలగించడమో చేశాకే గుర్తింపును మళ్లీ పరిశీలించాలి.