ఐఎండీ ఆకస్మిక వరద బులెటిన్: చెన్నైవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది

నవంబర్ వచ్చిందంటే చెన్నై తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఎర్ర మచ్చల మ్యాపులు తిరగడం మొదలవుతుంది. వాటిలో ఐఎండీ (భారత వాతావరణ శాఖ) ఇచ్చే ఫ్లాష్ ఫ్లడ్ గైడెన్స్, అంటే ఆకస్మిక వరద బులెటిన్ ఒకటి. 2020 అక్టోబర్‌లో మొదలైన ఈ సేవ మనతో పాటు నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంకలకూ ఉపయోగపడుతోంది. పైసా ఖర్చు లేదు. మంచి సేవే, కాకపోతే మీ వీధి మునుగుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఇందులో వెతక్కండి.

ఇది చేసే పని వాన చెప్పడం కాదు. నేలను చిన్న చిన్న పరీవాహక ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కోచోట మట్టి ఇప్పటికే ఎంత నీరు తాగిందో లెక్కగడుతుంది. ఆపైన 1, 3 లేదా 6 గంటల్లో ఇంకెన్ని మి.మీ. పడితే వాగు గట్టు అంచుకు వస్తుందో చెబుతుంది. ఆ అంకే గైడెన్స్. ఉదాహరణకు 6 గంటల గైడెన్స్ 70 ఉండి, 100 మి.మీ. వాన పడేలా ఉంటే, మిగిలిన 30 పొర్లేదే. అక్టోబర్ మొదట్లో ఎండు నేల మింగేసిన వానే నవంబర్ ఆఖరుకు ఇళ్లలోకి రావడానికి కారణం ఇదే: నేల నానేకొద్దీ గైడెన్స్ పడిపోతుంది. ‘భారీ’ (64.5 మి.మీ. నుంచి), ‘అతి భారీ’ (115.6 నుంచి) అనే 24 గంటల వర్గీకరణలో ఈ తేడా కనపడదు. బులెటిన్‌కు విలువంతా ఇక్కడే.

మ్యాపులు రెండు రకాలు. గైడెన్స్‌ను దాటి ఎంత వాన పొర్లుతుందో చూపే 6 గంటల ముప్పు మ్యాపును గట్టిగా పట్టించుకోండి. 24 గంటల రిస్క్ మ్యాపు పూర్తిగా కంప్యూటర్ మోడల్ అంచనా వేసిన వాన మీద ఆధారపడినది, దాన్ని సూచనగానే తీసుకోండి. మోడల్ నేలను చదరపు గడులుగా కోసి లెక్కిస్తుంది: ఐఎండీ వాడే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్ గడి 3 కి.మీ., ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్ (జాతీయ వాతావరణ మోడల్ కేంద్రం) ప్రాంతీయ మోడల్‌ది 4 కి.మీ. తీరం దగ్గర పుట్టే మేఘం నాలుగైదు గడులంత ఉండొచ్చు, అది 20 కి.మీ. పక్కకు జరిగినా లెక్కంతా తారుమారే. 2021 డిసెంబర్ 30న ముందస్తు హెచ్చరిక లేకుండానే నగరంలో కొన్నిచోట్ల 200 మి.మీ. దాటింది. 2024 అక్టోబర్ 16న రెడ్ అలర్ట్ ఉన్నా వాన ఉత్తరానికి, దక్షిణ కోస్తా ఆంధ్ర వైపు జరిగింది. వానే తప్పితే దాని మీద కట్టిన వరద లెక్క నిలబడదు.

నగరం లోపల ఇంకో చిక్కు. గట్టు అంచు అనే కొలత వాగులకు పుట్టింది, చెన్నై నేల బల్లపరుపు. వేళచ్చేరి, పళ్లికరణై నీళ్లు ఒక్కియం మడువు అనే కాలువ దాటి బకింగ్‌హామ్ కాలువలో పడి కోవళం దగ్గర సముద్రం చేరాలి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు సముద్రమట్టం పెరిగి నీరు లాగలేదు. ఆటుపోట్లు, మూసుకుపోయిన కాలువ, చెరువు గేటు, ఇవేవీ ఈ బులెటిన్‌లో లేవు. వాటినీ కలిపి లెక్కగట్టే సీ-ఫ్లోస్ అనే చెన్నై వరద హెచ్చరిక వ్యవస్థ వేరే ఉంది, కానీ దాన్ని ప్రధానంగా అధికారుల కోసం చేశారు.

అందుకని దీన్ని ఒంటరిగా వాడొద్దు. ముందు టైమ్ చూసుకోండి: యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటే 5 గంటల 30 నిమిషాలు కలపాలి. పొద్దున వచ్చిందాన్ని సాయంత్రం ఫార్వర్డ్ చేసేవాళ్లకు దండం పెట్టి, ముప్పు మ్యాపు రంగు మారిన వెంటనే చెన్నై రాడార్ తెరవండి. అక్కడి రంగులు డీబీజెడ్‌లో, అంటే వాన చినుకుల నుంచి తిరిగొచ్చే సంకేతం బలంలో ఉంటాయి. 40 డీబీజెడ్ అంటే స్థూలంగా గంటకు 12 మి.మీ. వాన, 50 డీబీజెడ్ అంటే గంటకు 50 మి.మీ.కి దగ్గర. రంగు ఎంత ముదురన్నది సగమే. సముద్రం మీద నుంచి మేఘాలు ఒకే దారిలో వరుసగా వస్తున్నాయా అన్నది అసలు చూడాల్సింది.

తర్వాత చెరువు. మెట్రో వాటర్ రోజూ చెంబరంబాక్కం నిల్వ ఇస్తుంది, పూర్తి సామర్థ్యం 3,645 మిలియన్ ఘనపుటడుగులు. 1,000 క్యూసెక్కులు (సెకనుకు 1,000 ఘనపుటడుగులు) రోజంతా వస్తే 86.4 మిలియన్లు చేరతాయి. ఖాళీ 645 ఉండి 10,000 క్యూసెక్కులు వస్తుంటే, గేట్లు తెరవకపోతే సుమారు 18 గంటల్లో నిండుతుంది. అడయారు నది ఒడ్డున ఉండే సైదాపేట, కోట్టూరుపురం వాళ్లకు ఈ లెక్క పనికొస్తుంది. ముడిచ్చూర్ వాళ్లకు కాదు: చెంబరంబాక్కం మిగులు అడయారులో కలిసేది వాళ్లకు దిగువన, తిరునీర్‌మలై దగ్గర. వాళ్లు చూడాల్సింది తాంబరం వాన, ఆదనూర్ చెరువుల మిగులు.

బులెటిన్ నిజంగా రాణించేది నగరం బయట, నగరి కొండల్లో. ఏటవాలు చిన్న వాగులు దీనికి తగిన నేల. అమ్మపల్లి జలాశయం నుంచి వదిలిన నీరు కుశస్థలి నది గుండా పూండి జలాశయానికి, అక్కడి మిగులు మణలి వైపు ఎన్నూరుకు వెళ్తుంది. పిచ్చాటూరు జలాశయం నీరు అరణియార్ నదిలో ఊత్తుకోట్టై దాటి పులికాట్ చేరుతుంది. మణలి న్యూ టౌన్‌లో ఉండేవాళ్లు మ్యాపులో చెన్నై కంటే ముందు చిత్తూరు, తిరుపతి జిల్లాలు చూడాలి, అమ్మపల్లి గేట్ల వార్త కూడా ఆంధ్ర పత్రికల జిల్లా పేజీల్లోనే ముందు దొరుకుతుంది.